తోక విరిగిన పిట్టకి కాపలా

నిన్న పొద్దున్న మీరు ఫోనులో పంపిన వీడియో ఇప్పటికి ఆరుసార్లు చూశాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చూసి, ఏదో చెట్టు గాలికి ఊగుతోందనుకున్నాను. రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే మీ నాగపూర్ ఇంటి కింది వాటాలో కాగితంపూల తీగ, దాని మధ్యలో గూడు, గూట్లో నోళ్ళు తెరుచుకుని మూడు బోడి పిల్లలు, చుట్టూ ఐదో ఆరో మట్టిరంగు పిట్టలు కనిపించాయి. వెనక నుంచి మీ ఇద్దరి తగువూ వినిపించింది. "అమ్మమ్మా, ఇందులో అమ్మ ఏదో చెప్పు, ఐస్‌క్రీం పందెం" అని పెద్దది. "లావుగా ఉన్నదే అమ్మ. మిగతావన్నీ దొంగలు, నేను తోలేస్తున్నా" అని చిన్నవాడు. ఆ మాట విని మూడోసారి చూశాను. వాడి చేతిలో షటిల్ రాకెట్ ఉంది.

ముందు ఆ రాకెట్ కింద పెట్టు నాన్నా. పెట్టావా? మంచం మీద కాదు, మంచం కింద. ఇప్పుడు కూర్చోండి. మీ అమ్మకి కూడా ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి మీకు చెబుతాను.

ఆ పిట్టల్ని నేనెరుగుదును. ముప్పై ఏళ్ళ పైన బళ్ళో పాఠాలు చెప్పానే గాని, పుస్తకాల్లో వాటిని ఏమంటారో నాకు సరిగ్గా తెలియదు. మా ఇంట్లో గోలపిట్టలనేవాళ్ళం. ఒంటిరంగు ఎండిన కొబ్బరి పీచులా ఉంటుంది. కన్ను మాత్రం తెల్లగా, ఎవరి మీదో పొద్దున్నే కోపం వచ్చినట్టుంటుంది. ఒక్కటిగా రావు. వస్తే ఏడెనిమిది కలిసి వస్తాయి, పెరట్లో రాలిన ఆకులన్నీ తిరగేస్తాయి, ఒకటి అరిస్తే అన్నీ అరుస్తాయి. మా ఆడపడుచు, అంటే మీ అమ్మకి మేనత్త, వాటికి 'క్వయరు' అని పేరు పెట్టింది. ఆదివారం పాట ఎత్తుకుంటే ఎవరికి వాళ్ళు ముందు ముగించేద్దామని పరిగెత్తే మా చర్చి క్వయరు అచ్చం అలాగే ఉండేది గనక ఆ పేరు బాగాలేదని ఎవరూ అనలేదు, పాస్టరుగారి భార్య తప్ప.

ఇది డెబ్బయిల చివరి మాట. గన్నవరం అక్విడక్టు, అదే ఏటి మీంచి కాలువని దాటించే వంతెన, అది దాటి కాలువ గట్టు వెంట రెండు మైళ్ళు నడిస్తే మా ఇల్లు. మీ తాతయ్య కాలువ లాకుల దగ్గర లస్కరు. నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసుకోవడం ఆయన ఉద్యోగం. బహుశా అందుకే మాటలు కూడా కొలిచి వదిలేవారు. ఎక్కువ భాగం 'ఆయ్' అన్న ఒక్క మాటతోనే సంసారం నడిపారు. ఒప్పుకున్నా ఆయ్, ఒప్పుకోకపోయినా ఆయ్, వినకపోయినా ఆయ్. ఏ ఆయ్ దేనికో తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇంట్లో మా అత్తగారు, పదో తరగతి ఒకసారి తప్పి మళ్ళీ రాయనని మొండికేసిన ఆడపడుచు, దడి అవతల చిన్న ఇంట్లో మా అత్తగారి అక్కగారు. ఆవిడని అందరం దొడ్డమ్మ అనేవాళ్ళం. దొడ్డమ్మకి చెవుడు. కానీ తనకి సంబంధం లేని మాటలు మాత్రం ఎలాగో వినిపించేవి.

మీ అమ్మకంటే ముందు నాకొక పిల్లవాడు పుట్టాడు. పదకొండు రోజులున్నాడు. ఎందుకు పోయాడో ఆసుపత్రిలోనూ ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పేవాళ్ళు లేనప్పుడు మనసు తనకి తానే ఒక కారణం వెతుక్కుంటుంది కదా, నేనూ వెతుక్కున్నాను. చూడవచ్చినవాళ్ళందరూ ఎత్తుకున్నారు, అన్ని చేతులు మారాడు, అందుకే పోయాడని నాలో నేను తీర్మానించుకున్నాను. రెండేళ్ళకి, క్రిస్మస్ అయిన వారానికి మీ అమ్మ పుట్టింది. ఇక చూడండి నా కాపలా. నీళ్ళు నేనే పోయాలి, పాలు నేనే, ఉయ్యాల నేనే ఊపాలి. ఎవరైనా ఎత్తుకోబోతే కాచిన నీళ్ళతో చేతులు కడుక్కున్నారా అని అడిగేదాన్ని. కడుక్కుని వస్తే, ఇప్పుడే నిద్రపోయిందండీ అనేదాన్ని. మా అత్తగారు ఐదుగురు పిల్లల్ని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి పెంచిన మనిషి. ఆవిడ ఒకరోజు తడిచేతులు అలాగే గాల్లో పట్టుకుని నిలబడి, "ఏవమ్మాయ్, పిల్లని మేవేవన్నా కొరుక్కు తినేత్తావా ఏంటి?" అన్నారు. నేను తల వంచుకున్నానే గాని పిల్లని ఇవ్వలేదు.

అలా ఉండగా జూన్ నెలలో నాకు టీచరు ట్రైనింగుకి సీటు వచ్చినట్టు కవరు వచ్చింది. అప్లికేషను మీ తాతయ్యే తెచ్చి, ఆయనే నింపి, నా చేత సంతకం పెట్టించారు. ట్రైనింగు రాజమండ్రిలో, హాస్టల్లో ఉండాలి, రెండేళ్ళు. వచ్చే నెల మొదటి సోమవారం లోపల చేరకపోతే ఆ సీటు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. మా రెండు కుటుంబాల్లోనూ అప్పటిదాకా బడిపంతులైన ఆడమనిషి లేదు. మా అత్తగారికి చదువు రాదు. ఊడుపులు, కోతలు, కలుపులు, అదీ ఆవిడ జీవితం. ఆ కవరు తీసుకుని బైబిల్లో పెట్టారు. రోజూ సాయంత్రం ప్రార్థన దగ్గర బైబిలు తెరిపించి, వాక్యం కంటే ముందు కవరు ఉందో లేదో చూసుకునేవారు.

నేను వెళ్ళనన్నాను. ఆరు నెలల పిల్లని వదిలి ఎలా వెళ్ళమంటారని అడిగాను. మీ తాతయ్య ఆయ్ అన్నారు. అది ఏ రకమైన ఆయో ఆ ఒక్కసారి నాకు అర్థం కాలేదు. మా అత్తగారు కోపం వస్తే నోటితో చెప్పరు, చేపల పొలుసు తీసే చప్పుడు పెరుగుతుంది. ఆ వారమంతా మా ఇంట్లో చేపలకి ప్రాణం పోయాక కూడా సుఖం లేకపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వసారా ఎదురుగా ఉన్న నిమ్మచెట్టులో గోలపిట్టలు గూడు పెట్టాయి. నా గుండెల ఎత్తున, ముళ్ళ మధ్యన, చెంబు మూతంత గూడు. నాలుగు గుడ్లు, ఎంత నీలమంటే బట్టలకి పెట్టే నీలిమందు ఎవరో ఎక్కువ కలిపేశారేమో అనిపించేంత. మీ అమ్మ ఉయ్యాల వసారా దూలానికి కట్టి ఉండేది గనక నేను రోజంతా అక్కడే కూర్చుని ఒక చేత్తో తాడు లాగుతూ గూడు చూస్తుండేదాన్ని. ఒకరోజు నేను లోపలికి వెళ్ళి వచ్చేలోగా కాకి ఒక గుడ్డు ఎత్తుకుపోయింది. మిగిలిన మూడూ పిల్లలయ్యేసరికి నేను తీర్మానించుకున్నాను, ఈ గూటి మీద ఇంకెవరినీ వాలనివ్వనని.

కాకుల్ని తోలితే సరిపోయేది. కాని పిల్లలు పుట్టిన రెండో రోజుకి చూస్తే గూటి దగ్గర ఒక పిట్ట కాదు, ఐదారు తిరుగుతున్నాయి. ఒకటి వంగి చూస్తుంది, ఒకటి పక్క కొమ్మ మీద నిలబడుతుంది, ఒకటి వచ్చి ఇంకోదాన్ని తోసుకుంటూ లోపలికి ముక్కు పెడుతుంది. నా కళ్ళకి అవన్నీ పదకొండు రోజుల పిల్లవాడిని చూడవచ్చిన చుట్టాల్లా కనిపించాయి. వాటిలో ఒకదానికి తోకలో ఈక విరిగి పక్కకి వేలాడుతుండేది. ఎప్పుడు చూసినా అది గూటిని అంటిపెట్టుకునే ఉండేది. అదే తల్లి, కష్టపడి తోక విరగ్గొట్టుకుందని నేను నిర్ణయించేశాను. కొబ్బరి మట్ట చివర చీల్చి కర్ర చేసుకుని, తోక విరిగినదాన్ని మాత్రం రానిచ్చి, మిగతావాటన్నిటినీ హుష్ హుష్ అని తోలడం మొదలుపెట్టాను. ఒక చేత్తో ఉయ్యాల, ఒక చేత్తో కర్ర. అవి దడి మీద వరసగా కూర్చుని నన్ను తిట్టిపోసేవి. నేను ఇంకా గట్టిగా తోలేదాన్ని.

రెండు రోజులు అలా కాపలా కాశాను. మూడో రోజు పొద్దున్న పిల్లల అరుపు సన్నబడింది. తోక విరిగినది పాపం వచ్చిపోతూనే ఉంది, పెడుతూనే ఉంది, నోరు మూసుకునే తీరిక కూడా లేదు దానికి. మధ్యాహ్నానికి అన్నిటికంటే చిన్న పిల్ల నిమ్మచెట్టు కింద పడి ఉంది. చీమలు పట్టకముందే తీసి, ఎవరూ చూడకుండా నూతి పక్కన గన్నేరు మొదట్లో పాతిపెట్టాను. కాకి తోసేసిందని అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా.

ఆ సాయంత్రం మా అత్తగారు వసారాలో చేటలో రొయ్యపొట్టు ఏరుతూ కూర్చున్నారు. పక్కన దొడ్డమ్మ కునుకు తీస్తోంది. నేను మామూలుగా కర్ర ఎత్తాను.

"ఆగాగు. ఆ పిట్ట నోట్లో ఏంటది?" అన్నారు మా అత్తగారు.

చూశాను. ఆకుపచ్చ మిడత. "మిడతండీ."

"దాని యెనక దాని నోట్లో?"

"గొంగళిపురుగండీ."

మా అత్తగారు చేట కింద పెట్టారు. "మరి రెండ్రోజుల్నించీ దొంగలు దొంగలని తోలేత్తన్నావు గదా. దొంగతనానికొచ్చేవోళ్ళు ఎక్కడన్నా క్యారేజీ కట్టుకొత్తారా అమ్మాయ్?"

దొడ్డమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఎవరికే క్యారేజీ? లాకుల కాడికి ఇంకా పంపలేదా?"

"నీకు కాదులే అక్కా, పడుకో" అన్నారు మా అత్తగారు. మా ఆడపడుచు నూతి దగ్గర నుంచి పకపకా నవ్వింది. "వదినా, క్వయరుకి చందాలు తెత్తంటే కొట్టేత్తన్నావా?"

నేను నవ్వలేదు. కర్ర దించేశాను. దించిన నిమిషంలో దడి మీంచి ఒకటి, జామచెట్టు మీంచి ఒకటి, వరసగా వచ్చి, పెట్టి, పక్కకి జరిగి ఇంకోదానికి చోటిచ్చి వెళ్ళిపోయాయి. లెక్కపెడితే ఏడు. చీకటిపడేలోగా గూట్లో గోల మళ్ళీ మామూలయింది. రెండు గొంతులదే. మూడోదాని సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

తెల్లవార్లూ వాన కొట్టింది. తెల్లారుతూనే గొడుగు వేసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాను. గూటి మీద ఒక పిట్ట రెక్కలు రెండూ పరిచి, తడిసి ముద్దై కూర్చుని ఉంది. దాని రెక్క కింద నుంచి రెండు చిన్న ముక్కులు కనిపిస్తున్నాయి. నన్ను చూసి కదల్లేదు. తోక చూశాను. నిండుగా ఉంది. ఒక్క ఈక కూడా విరగలేదు. తోక విరిగినది పక్క కొమ్మ మీద ముడుచుకుని కునుకుతోంది.

అంటే పిల్లలూ, రెండు రోజులు ఎండలో నిలబడి నేను కాపలా కాసింది పిన్నికో మేనత్తకో. తోలేసింది తల్లిని.

మా అత్తగారు పొయ్యి రాజేయడానికి వచ్చి, "వానలో ఏంటే, మనిషికి జొరవొత్తే పిల్లకెవరు పాలిత్తారు?" అని కేకేశారు. లోపలికి వచ్చాను. తల్లి సంగతి చెప్పాను. చచ్చిపోయిన పిల్ల సంగతి చెప్పలేదు. ఆవిడ పొయ్యిలో కొబ్బరి డొక్క పెట్టి ఊదుతూ, నా వంక చూడకుండా చెప్పుకొచ్చారు.

"ఊడుపులికెళ్ళేటప్పుడు మా ముఠాలో ఎప్పుడూ ఐదారుగురు బాలింతలుండేవోరు. పిల్లలందర్నీ గట్టు మీద నీడలో గోనెపట్టా యేసి వరసగా పడుకోబెట్టేవోళ్ళం. గంటకొకరు వంతేసుకుని మడిలోంచి లేచెళ్ళేవోళ్ళం. ఎల్లినోళ్ళు ఏ పిల్ల ఏడిత్తే ఆ పిల్లకి పాలిచ్చేవోరు. నాది నీది అని యెతుక్కోడానికి టైమేదీ, మేస్త్రీ కేకలేసేవోడు. మీ ఆయనికి సగం పాలు మా అక్కవే. మిగతా సగంలో నాయెన్నో నాకే తెలీదు." ఊదడం ఆపి నా వంక తిరిగారు. "ఆడేవన్నా తక్కువయ్యేడా?"

"మాటలు కొంచెం తక్కువయ్యాయండి" అన్నాను. నాకే తెలియకుండా వచ్చేసింది ఆ మాట. మా అత్తగారు పొగలో దగ్గుతూ నవ్వారు. నా పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలనుకుంటాను.

ఆ పొద్దున్న పిల్లకి నీళ్ళు పోయడానికి నేను పీట వేసుకోలేదు. నూతి దగ్గర పీట మీద మా అత్తగారిని కూర్చోబెట్టి, మీ అమ్మని తీసుకెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టాను. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నా మొహం ముందు తిప్పి చూపించారు.

"కాచిన నీళ్ళతో కడుక్కురమ్మంటావా?"

"అక్కర్లేదండీ" అన్నాను.

మీ అమ్మ ఆ కాళ్ళ మీద కళ్ళు మూసుకుని, నీళ్ళు పడుతుంటే నోరు చప్పరిస్తూ, హాయిగా నిద్రపోయింది. ఆరు నెలలు నా దగ్గర నీళ్ళు పోసుకున్నన్నాళ్ళూ ఊరు లేచిపోయేలా ఏడ్చేది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ సోమవారం నేను బస్సెక్కాను. మీ తాతయ్య గన్నవరం దాకా వచ్చి, పెట్టె పైన వేయించి, కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు ఆయ్ అన్నారు. రావులపాలెంలో బస్సు మారేసరికి జాకెట్టు తడిసిపోయింది. పాలు. పుస్తకాల సంచి గుండెలకి అడ్డం పెట్టుకుని రాజమండ్రి దాకా ఏడుస్తూనే వెళ్ళాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చెరుకు ముక్క ఇచ్చి, ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదండీ, ఉన్నారండీ అన్నాను. ఆవిడ చెరుకు ముక్క వెనక్కి తీసుకోలేదు.

పదిహేను రోజులకి ఇంటికి వచ్చాను. దారి పొడుగునా ఒకటే భయం, పిల్ల నన్ను మరిచిపోతుందేమోనని. మరిచిపోయింది. చేతులు చాపితే మా ఆడపడుచు మెడలో మొహం దాచుకుని కేర్ మంది. నేను నూతి వెనక్కి వెళ్ళి గన్నేరు దగ్గర కూర్చుని ఏడ్చాను. అంతకంటే తగిన చోటు నాకు ఆ పెరట్లో లేదు. మా అత్తగారు వెనకే వచ్చి, "ఏడుపెందుకే? కొత్తోళ్ళని చూసి ఏడిసిందంటే పాతోళ్ళ కాడ బాగుందనే గదా. ఉండు, గంటలో నువ్వూ పాతదానివవుతావు" అన్నారు. గంట కాదు, మూడు గంటలు పట్టింది. పొద్దు వాలే వేళకి మీ అమ్మ నా ఒళ్ళోకి వచ్చి, నా పుస్తెలతాడు పట్టుకుని లాగి, ఇదెక్కడో చూశానన్నట్టు ఆలోచించింది. అదే వేళకి జామకొమ్మ మీద గోలపిట్టలు పడుకోవడానికి చేరాయి. ఒకదానికొకటి ఆనుకుని, సందు లేకుండా, పెద్దవి ఏడు, మధ్యలో కొత్త ఈకలతో చిన్నవి రెండు. తోక విరిగినది ఒక చివర. తల్లి ఎక్కడుందో చూద్దామని చాలాసేపు ప్రయత్నించాను. తెలియలేదు.

రెండేళ్ళూ అలాగే గడిచాయి. మీ అమ్మకి మాటలు వచ్చాక ఇంట్లో అందరినీ అమ్మా అనేది. మా అత్తగారిని, దొడ్డమ్మని, మేనత్తని, చివరికి ఒకసారి మీ తాతయ్యని కూడా. ఆయన ఆయ్ అన్నారు. నాకు మాత్రం 'సోంవారం అమ్మ' అని పేరు పెట్టింది, సోమవారం వెళ్ళిపోతాను గనక. ఆ పేరుకి మొదట్లో గుండె కలుక్కుమనేది. ఉద్యోగం వచ్చి మా ఊరి బడికే వేశాక కూడా చాన్నాళ్ళు ఆ పేరు పోలేదు. ఎనభైల్లో మా ఆడపడుచుకి ద్రాక్షారామం వైపు పెళ్ళి చేసి పంపితే మీ అమ్మకి మూడు రోజులు జ్వరం కాసింది. నేను పక్కనే ఉన్నాను, నా ఒళ్ళోనే ఉంది, నన్ను పట్టుకునే, అత్త కావాలని ఏడ్చింది. అప్పుడు నాకు బాధ కలగలేదు. నాకూ అత్త కావాలనే ఉంది.

ఆ అత్త పదో తరగతి మళ్ళీ రాసింది తెలుసా, నా పుస్తకాలతోనే. మళ్ళీ తప్పింది. ఇప్పటికీ ఆదివారం చర్చి అవగానే మీ అమ్మకి ఫోను చేసేది మొదట ఆవిడే, నేను రెండోదాన్ని.

ఇప్పుడు మీ పందెం సంగతి. నువ్వడిగింది, ఇందులో అమ్మ ఏదని. నాకు తెలియదమ్మా. ఒకసారి తెలుసనుకుని ఏం చేశానో విన్నావు కదా. ఆ పిల్లల్ని చూడు, ఏ ముక్కు వచ్చినా అవే నోళ్ళు తెరుస్తున్నాయి. ఇద్దరూ చెరో ఐస్‌క్రీం తినండి, నేను చెప్పానని చెప్పండి. కింది వాటావాళ్ళ పిల్లికి మాత్రం రాకెట్ చూపించొచ్చు.

మా అత్తగారూ దొడ్డమ్మా లేరు. మీ తాతయ్య ఆయ్ కూడా వినిపించడం మానేసి నాలుగేళ్ళయింది. నిమ్మచెట్టు ఉన్నచోట ఇప్పుడు పంచాయతీ కుళాయి ఉంది. మీ అమ్మకి మొదటి ముద్ద ఎవరు పెట్టారో, మొదటి అడుగు ఎవరి వేలు పట్టుకుని వేసిందో గుర్తు చేసుకుందామని కూర్చుంటే అందరి చేతులూ కలిసిపోతున్నాయి, ఏది నాదో విడదీయలేకపోతున్నాను. ఒకప్పుడు దానికే ఏడ్చాను. ఇన్నేళ్ళు గడిచాక చూస్తే కాలం నాకు చేసిన మేలు అదే అనిపిస్తోంది. ఎవరి వంతు ఎంతో చెరిపేసింది, పిల్ల పెరిగిందన్నది ఒక్కటే ఉంచింది.